పటంలో లేత నీలం పట్టీ: అది సముద్రమా, మునిగిన నేలా?

గోడమీదపటం:

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. గోడకి ప్రపంచ పటం తగిలించిన రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. నిన్న సముద్రాల రంగుల మీద పడింది. ఖండాల చుట్టూ లేత నీలం పట్టీ ఉంటుంది కదా, అది దాటగానే ఒక్కసారిగా ముదురు నీలం. లేత రంగంటే అక్కడ లోతు తక్కువమ్మా అన్నాను. ఎందుకు తక్కువ అంది. నదులు మట్టి తెచ్చి పోస్తాయి కాబట్టి అన్నాను. చిన్నప్పుడు నాకూ ఎవరో అలాగే చెప్పిన గుర్తు.

వేలు తీసుకెళ్ళి సైబీరియా పైన పెట్టింది. అక్కడ ఆ పట్టీ తన వేలికంటే పొడుగుంది. "ఇంత మట్టి ఎవరు పోశారు నాన్నా?" వేలు కిందికి జరిపి చిలీ పక్కన పెట్టింది. అక్కడ పట్టీయే లేదు, కొండల గోధుమరంగుకి ఆనుకునే ముదురు నీలం. "మరి ఇక్కడెందుకు పోయలేదు?"

ఇక నేను అన్నం తినేసి పడుకో అన్నాను.

ఆ తర్వాత నేనే కూర్చుని చూశాను. బ్రిటన్‌కీ యూరప్‌కీ మధ్య అంతా లేతే. సుమత్రా, జావా, బోర్నియో మూడూ ఒకే లేత నీలం మడుగులో ఉన్నాయి. ఇది ఖండమా, సముద్రమా? వెతికితే "ఖండతీరపు అంచు" అన్న మాట దొరికింది గానీ అర్థం దొరకలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి చెప్పగలిగేలా ఎవరైనా చెబుతారా?

ఒండ్రుమట్టి:

మీరు చెప్పింది పూర్తిగా తప్పేం కాదండీ. అమెజాన్, మిసిసిపీ లాంటివి ఏటా కోట్ల టన్నుల మట్టి తెచ్చి సముద్రంలో పోస్తున్నాయి. ఒడ్డు దగ్గర లోతు తక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ పెరగడం సహజమే కదా, చెరువులో దిగినట్టు. చిలీ దగ్గర పెద్ద నదులు లేవు, అంతే.

పాతనావికుడు:

చెరువులో దిగినట్టు ఉండదండీ, ఆ చిక్కు అక్కడే ఉంది. నేను ముప్పై ఏళ్ళకి పైగా సరుకు ఓడల మీద పనిచేసి దిగినవాణ్ణి. భూగర్భశాస్త్రం చదువుకోలేదు. కానీ మీ అమ్మాయి వేలు పెట్టిన లేత నీలం మీద రాత్రిళ్ళు కాపలా కాయడమే నా ఉద్యోగం, అందుకని నాకు తెలిసిన దారిలో చెబుతాను.

సెకండాఫీసరుగా ఉన్నప్పుడు అట్లాంటిక్ దాటి ఇంగ్లిష్ ఛానెల్‌కి వస్తున్నాం. నాది పన్నెండు నుంచి నాలుగు వాచ్. బ్రిడ్జి మీద, అంటే ఓడని నడిపే గదిలో, ఎకో సౌండర్ ఉంటుంది, ఓడ అడుగు నుంచి శబ్దం పంపి, అది నేలకి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు గీస్తుంది. అప్పట్లో కాగితం చుట్టలు ఉండేవి. సూది నిప్పురవ్వలతో కాగితాన్ని కాలుస్తూ గీత గీసేది, బ్రిడ్జంతా మాడు వాసన. నడిసముద్రంలో నాలుగు వేల మీటర్ల పైన లోతు, మా యంత్రానికి అంత శక్తి లేదు, కాగితం రోజుల తరబడి ఖాళీగా తిరుగుతూ ఉంటుంది. ఆ రాత్రి రెండు దాటాక కాగితం అడుగున మసకగా ఒక గీత పుట్టింది. పుట్టిన గీత మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కుతూ వచ్చింది. ఎనిమిది వందలు, ఐదు వందలు, మూడు వందలు. నా వాచ్ అయిపోయేసరికి 180 మీటర్లకి వచ్చి ఆగింది. ఆగడమంటే ఆగడమే, ఆ తర్వాత గీత బల్లపరుపు. మర్నాడు మధ్యాహ్నం చూసినా వందకి అటూ ఇటూగా అలాగే సాగుతోంది. గీత పైకెక్కి ఆగిన ఆ చోటి నుంచి ఇంగ్లండ్ నేల ఇంకా మూడు వందల కిలోమీటర్ల పైనే ఉంది.

అంటే ఓడకి సంబంధించినంత వరకు ఖండం మొదలైంది ఆ అర్ధరాత్రి, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనపడని చోట. ఒడ్డు వచ్చింది ఒకరోజు తర్వాత.

తెరచాపల కాలం నావికులకి ఇది బాగా తెలుసు. తాడుకి సీసపు గుండు కట్టి వదిలేవారు. గుండు అడుగున చిన్న గుంట, అందులో కొవ్వు కూరేవారు. నేల తగిలితే కొవ్వుకి ఇసుకో గవ్వముక్కో బురదో అంటుకుని పైకొస్తుంది. నూరు బారల లోపు, అంటే సుమారు 183 మీటర్ల లోపు నేల దొరికిందంటే ఖండం మీదికి ఎక్కినట్టే. కొవ్వుకి అంటిన ఇసుక రంగు చూసి ఓడ ఎక్కడుందో చెప్పే ముసలివాళ్ళు ఉండేవారట. ఇప్పటికీ చార్టుల మీద లోతు అంకెల పక్కన చిన్న అక్షరాలుంటాయి, ఎస్ అంటే ఇసుక, ఎం అంటే బురద.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్నకి వస్తాను. ఖండం, సముద్రపు అడుగు రెండూ వేరే రాళ్ళు. ఖండం కింద భూమి పైపెంకు 30, 40 కిలోమీటర్ల మందం, తేలికైన రాయి. సముద్రం కింద పెంకు 7 కిలోమీటర్లే, బరువైన నల్లరాయి. తేలికైనది ఎత్తుగా తేలింది, బరువైనది కుంగి గిన్నె అయింది. ఆ గిన్నెలో నీళ్ళు పోశారు, కాస్త ఎక్కువ పోశారు. నీళ్ళు గిన్నె నిండి అంచు మీదికి పొర్లాయి. ఆ పొర్లిన నీళ్ళే లేత నీలం, వాటి కింద మునిగిన ఖండపు అరుగే మీకు దొరికిన "ఖండతీరపు అంచు". ఖండం అంచు ముదురు నీలం మొదలయ్యే చోట ఉంది. పటంలో గీసిన తీరరేఖ ఈ కాలానికి నీళ్ళు ఎక్కడ ఆగాయో చెప్పే గీత మాత్రమే.

చిలీ సంగతి: అక్కడ సముద్రం అడుగున ఉన్న నాజ్కా పలక (కదిలే భూభాగపు ముక్క) దక్షిణ అమెరికా కిందికి దూరిపోతోంది. కొండలు లేవడం, పక్కనే లోతైన కందకం పడడం అందుకే. అలాంటి చోట గిన్నెకి వెడల్పాటి అంచు మిగలదు. సైబీరియా వైపు అలాంటి గొడవ లేదు, ఖండం మెల్లగా వాలుతూ పోయింది, కొన్నిచోట్ల ఆ పట్టీ 1,500 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒండ్రుమట్టి గారూ, మీ నదుల్ని కాదనను. లేనా, ఓబ్, యెనిసెయ్ అక్కడ మట్టి పోస్తూనే ఉన్నాయి. అరుగు ఖండానిది, అలుకు నదులది.

మరో సంగతి చెబితే పిల్ల నిద్రపోదు. 20,000 ఏళ్ళ కిందట మంచుయుగంలో నీళ్ళు మంచుగా మారి ఖండాల మీద కూర్చున్నాయి. సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. మీ పటంలో లేత నీలం దాదాపు అంతా పచ్చగా, గోధుమగా ఊహించుకోమనండి. పర్షియన్ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే, అప్పట్లో అది నది పారే లోయ. బ్రిటన్‌కి తూర్పున ఉన్న ఉత్తర సముద్రంలో డాగర్ బ్యాంక్ అని ఒక మెరక ఉంది, కొన్నిచోట్ల లోతు 15 మీటర్లే. 1931లో కొలిండా అనే చేపల పడవ ఉత్తర సముద్రంలో వల లాగితే నల్లటి మట్టిగడ్డ వచ్చింది. పగలగొడితే లోపల జింకకొమ్ముతో చెక్కిన ముళ్ళ ఈటెమొన! పదివేల ఏళ్ళకి పైబడినది. అక్కడ మనుషులు వేటాడుతూ తిరిగారన్నమాట. వలల్లో మామత్ ఏనుగుల దంతాలు, ఎముకలు పడటం ఆ సముద్రంలో వింతే కాదు.

మీరడిగిన సుమత్రా, జావా, బోర్నియోలు కూడా అంతే. జావా సముద్రం సగటు లోతు 50 మీటర్లు కూడా లేదు, ఆ దీవులన్నీ ఆసియాలో కలిసి ఒకే నేలగా ఉండేవి. బాలి దాకా పులులు నడిచి వెళ్ళాయి. బాలి పక్కనే లంబోక్. రెంటి మధ్య జలసంధిలో ఓడ వెళుతుంటే రెండు ఒడ్డులూ కంటికి కనిపిస్తాయి, కానీ కింద లోతు ఎక్కువ, మంచుయుగంలోనూ ఎండలేదు. లంబోక్‌లో పులి లేదు. 1856లో వాలస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బాలి నుంచి లంబోక్‌కి దాటి, అటు ఆసియా పిట్టలు, ఇటు ఆస్ట్రేలియా వైపు కాకటూ చిలకలు చూసి ఆశ్చర్యపోయింది అక్కడే. పిట్టలకి కూడా ఖండం అంచు ఎక్కడుందో తెలుసు, మన పటాలకే తెలీదు.

లోతెంత:

కెప్టెన్ గారూ, భలే రాశారు. ఒక చిన్న అనుమానం. లోతు తక్కువ, అడుగు చదును, ఒడ్డు దగ్గర. అంటే ఓడలకి ఇవే క్షేమమైన చోట్లు అన్నమాటేగా? నడిసముద్రం కంటే నయం కదా?

పాతనావికుడు:

నడిసముద్రంలో నేను హాయిగా నిద్రపోయాను బాబూ. నిద్ర పట్టనిది లేత నీలంలోనే.

నిండా చమురుతో ఉన్న పెద్ద ట్యాంకరు. నీటిలో మునిగిన భాగం 19 మీటర్లు. మలక్కా జలసంధిలో కొన్నిచోట్ల లోతు పాతిక మీటర్లు కూడా ఉండదు. పెద్ద ఓడలకి అడుగుకీ నేలకీ మధ్య కనీసం 3.5 మీటర్లు ఉండాలని అక్కడ నిబంధన. ఉంది కదా అనుకుంటే, ఓడ కదిలేటప్పుడు ఇంకా కిందికి కుంగుతుంది. ఇరుకు సందులో నీళ్ళు వేగంగా జారిపోవాలి, వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, ఓడని అడుగుకి లాగుతుంది. దాన్ని స్క్వాట్ అంటాం. పన్నెండు నాట్ల (గంటకి సుమారు 22 కిలోమీటర్ల) వేగంలో అలాంటి ఓడ మీటరు పైన కుంగుతుంది. వేగం సగానికి తగ్గిస్తే కుంగుడు పావుకి తగ్గుతుంది. నేను ఫస్టాఫీసరుగా ఉండగా ఒకసారి చుక్కాని తిప్పితే ఓడ బద్ధకంగా తిరిగింది, డెక్కంతా సన్నగా వణికింది, వెనక లేచే అల ఉన్నట్టుండి ఎత్తు పెరిగింది. మా కెప్టెన్ టీ కప్పు పక్కన పెట్టి "నేల వాసన తగిలింది దీనికి" అని వేగం తగ్గించాడు. రెండు నిమిషాల్లో వణుకు పోయింది. ఆ టీ మళ్ళీ ఎవరూ తాగలేదు.

తుఫాను విషయం ఇంకా ఘోరం. గాలి నీళ్ళని తోస్తుంది. లోతైన చోట తోసిన నీళ్ళు అడుగు నుంచి వెనక్కి తిరిగిపోతాయి. లోతు లేనిచోట తిరిగిపోయే దారి ఉండదు, కుప్పపడతాయి. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో జరిగింది అదే. ఉత్తరపు గాలి నీళ్ళని దక్షిణపు ఇరుకులోకి నెట్టింది, అక్కడ లోతు 50 మీటర్ల లోపు. మామూలు పోటు మీద ఇంకో 3 మీటర్ల దాకా నీరు లేచి కట్టలు తెగాయి. ఒక్క నెదర్లాండ్స్‌లోనే 1,836 మంది పోయారు.

ఆటుపోట్లూ అంతే. నడిసముద్రంలో పోటు ఎత్తు మీటరులోపే, తెలియను కూడా తెలియదు. ఖండపు అరుగు మీదికి ఎక్కేసరికి పొడుగాటి అల కుదించుకుపోయి ఎత్తు పెరుగుతుంది. దానికి తోడు ఉయ్యాలని సరైన సమయానికి తోసినట్టు అఖాతం పొడవు కుదిరితే కెనడాలోని ఫండీ అఖాతంలో లాగా 16 మీటర్ల దాకా వస్తుంది. ఈ నీళ్ళన్నీ అడుగు నేలని రాపాడుతూ రోజుకి రెండు మార్లు పోయి వస్తుంటాయి. వందేళ్ళ కిందట జి.ఐ. టేలర్ అనే ఆయన ఒక్క ఐరిష్ సముద్రంలో ఈ రాపిడికి ఎంత శక్తి ఖర్చవుతోందో లెక్కకట్టాడు. ఆ ఖర్చు ఎవరి ఖాతాలోంచి అనుకున్నారు? భూమి తిరుగుడులోంచి. భూమి బ్రేకులు ఎక్కువ భాగం ఈ లేత నీలంలోనే ఉన్నాయి. పగలూ రాత్రీ కలిపిన రోజు అతి మెల్లగా పొడుగవుతోంది, చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఓడరేవు బయట పోటు కోసం లంగరేసి గంటలు గంటలు విసుక్కున్నవాణ్ణి, నా విసుగుకి చంద్రుడిదాకా సంబంధం ఉందని రిటైరయ్యాక చదివాను.

అన్నీ తిట్లే కాకుండా ఒక మంచి మాట. వేసవిలో ఫ్రాన్స్ కొసన ఉషాంట్ దీవి దగ్గర నుంచి పోతున్నాం. ఇంజన్ రూం నుంచి ఫోను, చల్లబరిచే సముద్రపు నీళ్ళు అరగంటలో మూడు డిగ్రీలు చల్లబడ్డాయి, గేజి పాడైందా అని. బయటికి వచ్చి చూస్తే నీటి మీద కత్తితో గీసినట్టు గీత, ఆ వెంబడే నురుగు, ఇటు నీలం, అటు ఆకుపచ్చ. గీత పొడుగునా చేపల పడవలు బారులు తీరి ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. లాగ్‌బుక్‌లో "గేజి సరిగ్గానే ఉంది" అని రాశాను.

అర్థమైంది చాలా ఏళ్ళకి. వేసవి ఎండకి పైనీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, కింద చల్లటి నీరు. కింద నీటిలో మొక్క ప్లవకాలకి (నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలకి) కావలసిన ఎరువు ఉంది, పైన వెలుతురు ఉంది, రెండూ కలవవు. లోతు బాగా తగ్గి, పోటు ప్రవాహం బలంగా ఉన్నచోట కవ్వం పెట్టి చిలికినట్టు కింద నీరు పైకి కలిసిపోతుంది. ఈ రెండు రకాల నీళ్ళకీ సరిహద్దే ఆ గీత. అక్కడ వెలుతురూ ఎరువూ ఒకేచోట దొరుకుతాయి, ప్లవకాలు, వాటి వెంట చేపలు, వాటి వెంట పడవలు. 1974లో సింప్సన్, హంటర్ అనే ఇద్దరు లోతుని ప్రవాహ వేగపు ఘనంతో భాగిస్తే ఆ గీత ఎక్కడ పడుతుందో ముందే చెప్పొచ్చని చూపించారు. ప్రవాహం రెట్టింపైతే చిలుకుడు ఎనిమిది రెట్లు. సముద్రాల విస్తీర్ణంలో పదో వంతు కూడా లేని ఈ అరుగు మీదే ప్రపంచంలో పట్టే చేపల్లో అత్యధిక భాగం దొరుకుతోంది.

రాళ్ళపిచ్చి:

కెప్టెన్ గారికి నమస్కారం. గిన్నె పోలిక బాగుంది గానీ ఒక సవరణ. నీళ్ళు ఎక్కువ పోస్తేనే పొర్లుతాయని కాదు, గిన్నె అడుగు పైకి లేచినా పొర్లుతాయి.

సుమారు పది కోట్ల ఏళ్ళ కిందట, డైనోసార్లు ఉన్న రోజుల్లో, నడిసముద్రపు పర్వత శ్రేణుల దగ్గర కొత్త రాయి ఇప్పటికంటే వేగంగా పుట్టింది. కొత్త రాయి వేడిది, ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు నీళ్ళని బయటికి తోసింది. ధ్రువాల దగ్గర పెద్ద మంచు పలకలూ లేవు. సముద్రమట్టం ఇప్పటికంటే వంద మీటర్లకి పైనే ఎక్కువని ఎక్కువమంది లెక్క. అప్పుడు నీళ్ళు అంచు మీద ఆగలేదు, ఖండాల నడిబొడ్డుకి వచ్చేశాయి. ఉత్తర అమెరికాని ఆర్కిటిక్ నుంచి మెక్సికో గల్ఫ్ దాకా నిలువునా రెండు ముక్కలు చేసిన సముద్రం ఉండేది. ఇవాళ ఏ తీరానికైనా వెయ్యి కిలోమీటర్లున్న కేన్సస్ మైదానంలో సుద్దరాళ్ళ నిండా చేపల శిలాజాలు. హేస్ ఊళ్ళో స్టెర్న్‌బర్గ్ మ్యూజియంలో ఒకటుంది, 4 మీటర్ల పైన పొడుగున్న జిఫాక్టినస్ చేప, దాని కడుపులో ఇంకో చేప, దాదాపు 1.8 మీటర్లది, చెక్కుచెదరకుండా. మింగిన కాసేపటికే పెద్దది కూడా చచ్చి అడుగుకి చేరిందన్నమాట. అత్యాశకి అంతకంటే పాత సాక్ష్యం నాకు తెలీదు. ఆస్ట్రేలియా మధ్యలో కూడా అలాంటి సముద్రమే ఉండేది, ఎరొమాంగా అంటారు. కూబర్ పీడీ ఎడారిలో గవ్వలు ఓపల్ రత్నాలుగా మారి దొరకడం దాని పుణ్యమే.

వాటితో పోలిస్తే ఇప్పుడున్నవి మిగిలిపోయిన గుంటలు. హడ్సన్ అఖాతం, బాల్టిక్ రెండే చెప్పుకోదగ్గవి, అవి కూడా వేరే కారణంతో. కిలోమీటర్ల మందం మంచు కూర్చుని నేలని పరుపులా కుంగదీసింది. మంచు పోయాక నేల ఇంకా లేస్తూనే ఉంది, హడ్సన్ దగ్గర ఏటా సుమారు సెంటీమీటరు.

గోడమీదపటం:

అందరికీ ధన్యవాదాలు. మొత్తం చదివి వినిపించాను. చేప కడుపులో చేప దగ్గర రెండుసార్లు ఆపించింది. తర్వాత స్కెచ్ పెన్ను తీసుకుని, నన్ను అడక్కుండానే, లేత నీలం బయటి అంచు వెంబడి నల్లగీత గీసుకుంటూ పోయింది. "ఇదిగో అసలు ఖండం" అంది. బ్రిటన్ ఇక దీవి కాదట. నార్వేని, డెన్మార్క్‌ని, స్కాట్లండ్‌ని కలిపి ఒకే ముద్ద చేసింది. కొత్త పటం ధర సంగతి వదిలేయండి, గీత సరిగ్గానే ఉందా?

పాతనావికుడు:

స్కాట్లండ్ దాకా నూటికి నూరు. నార్వే దగ్గర మాత్రం చూసుకోమనండి. పటం చిన్నదైతే కనపడదు గానీ, నార్వే తీరాన్ని ఆనుకుని పొడుగునా ఒక కందకం ఉంది, మంచునదులు తవ్వినది. డెన్మార్క్‌కి ఎదురుగా దాని లోతు 700 మీటర్ల దాకా పోతుంది. మంచుయుగంలో మిగతా ఉత్తర సముద్రం ఎండినా అది ఎండి ఉండదు. బెర్గెన్ రేవుకి పోతుంటే గంటలకొద్దీ బల్లపరుపుగా ఉన్న గీత ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది, తీరం కళ్ళెదుట కనిపిస్తుండగా. మొదటిసారి నేను యంత్రం చెడిందనుకున్నాను.

ఈ కందకం మీద దేశాలకి కూడా తగువు పడాల్సింది. నార్వే అరుగు కందకం దగ్గరే ఆగిపోయిందని, దానికి ఆవలి అడుగు నేల నార్వేది కాదని బ్రిటన్ పట్టుబట్టగలిగేదే, కానీ పట్టుబట్టలేదు. 1965లో రెండు దేశాలూ కందకాన్ని లెక్కచేయకుండా మధ్యగీత గీసుకున్నాయి. నాలుగేళ్ళకి, 1969లో, కందకానికి ఆవల నార్వే వాటాలో ఎకోఫిస్క్ అనే చోట చమురు పడింది.

కాబట్టి అమ్మాయి గీత తప్పేమీ కాదు, ఆ రెండు ప్రభుత్వాలూ అలాగే గీశాయి. కందకం కోసం పక్కన సన్నగా ఒక ముదురు నీలం చార వేయమనండి, చాలు.